బండి ఫ్యూజు బాక్సు: 15 తీసి 30 పెడితే ఏమవుతుంది?

క్లుప్తంగా: ఫ్యూజు మీద ఉండే ఆంపియర్ల అంకె తీగ తట్టుకోగల హద్దును చెబుతుంది. లైటుకో హారన్‌కో ఎంత కరెంటు కావాలో అది చెప్పదు. అందుకే పోయిన ఫ్యూజు చోట పెద్దది పెడితే పరికరం పనిచేస్తుంది గానీ, ముప్పు తీగకు చేరుతుంది. ఏ ఫ్యూజు పోయిందో తెలియాలంటే రంగు ఒక్కటే చూస్తే చాలదు. మూత కింది పటం, కలిసి ఆగిపోయిన పరికరాలు, ఒక టెస్ట్ ల్యాంపు (తీగలో కరెంటుంటే వెలిగే చిన్న పరీక్ష దీపం), ఈ మూడూ కలిస్తేనే లెక్క తేలుతుంది.

వరంగల్ ఆటోనగర్‌లోనైనా, మంచిర్యాల రోడ్డు పక్కన బ్యాటరీ దుకాణంలోనైనా కరెంటు పని చేసే మెకానిక్‌లు తరచూ వినే మాట ఒకటుంది: “ఫ్యూజు ఊకె కొట్టేస్తుందన్నా, జర పెద్దది వెయ్యి.” వేస్తే బండి నడుస్తుంది కూడా. చిక్కంతా అక్కడే వస్తుంది. చాయ్ పైసలకు దొరికే ప్లాస్టిక్ ముక్క చేస్తున్న హెచ్చరికను పక్కన పెట్టినట్టు ఆ సమయంలో ఎవరికీ అనిపించదు.

అంకె తీగది, పరికరానిది కాదు

ఇప్పటి బండ్లలో కనిపించే రెండు కాళ్ల బ్లేడ్ ఫ్యూజులో ఉండేది సన్నని లోహపు పట్టీ. మామూలు రకాల్లో అది జింకు మిశ్రమం. జింకు సుమారు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరెంటు హద్దు మీరితే పట్టీ తనలో పుట్టిన వేడికే, మధ్యలో సన్నగా ఉన్న చోట తెగిపోతుంది. బండి తయారయ్యేటప్పుడు ముందు పరికరం లాగే కరెంటు లెక్క కడతారు. దానికి సరిపడా మందంలో తీగ ఎంచుతారు. ఆ తీగ పూత మెత్తబడేలోపే తెగే ఫ్యూజును చివర్న నిర్ణయిస్తారు. పీవీసీ పూత రకాన్ని బట్టి 70 నుంచి 105 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. అంటే రాగి తీగకు ఏమీ కాకముందే దాని మీది తొడుగు పాడవుతుంది.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 ఆంపియర్ల చోట 30 పెట్టారనుకుందాం. లోపల ఎక్కడో లోపం వల్ల తీగలో రెట్టింపు కరెంటు పారినా ఆ ఫ్యూజు కదలదు. వేడి మాత్రం నాలుగింతలవుతుంది. పైగా ఆ తీగ ఒంటరిగా ఉండదు. పదుల కొద్దీ తీగలతో కలిసి టేపు చుట్టిన కట్టలో, డ్యాష్‌బోర్డు వెనుకనో సీటు కిందనో పోతుంటుంది. దాని పూత కరిగితే పక్క తీగలూ అంటుకుంటాయి.

సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, వైరులోంచి రాగి పోగు తీసి కాళ్లకు మెలేయడం ఇంకా ప్రమాదం. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి. చుట్టిన పోగులు ఎన్ని ఆంపియర్ల దగ్గర తెగుతాయో చుట్టినవారికే తెలియదు. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఊరికే పోతోందని రెండు తీగలు కలిపి కట్టినట్టే ఇదీ. మోటార్లు నడుస్తాయి, కాయిల్ కాలుతుంది.

ఇంకో విషయం చాలామందిని తికమక పెడుతుంది. అంకె దాటిన క్షణమే ఫ్యూజు తెగదు. బండి ఫ్యూజుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8820 ప్రకారం బ్లేడ్ ఫ్యూజు తన అంకెకు 110 శాతం కరెంటును 100 గంటలు మోయగలగాలి. 135 శాతం దగ్గర ముప్పావు సెకను నుంచి 10 నిమిషాల మధ్య ఎప్పుడైనా తెగొచ్చు. 200 శాతమైతే 5 సెకన్లలోపు, 350 శాతమైతే అర సెకనులోపు తెగాలి. కాబట్టి 10 ఆంపియర్ల ఫ్యూజు మీద పదమూడున్నర ఆంపియర్లు పారితే హన్మకొండలో వెలిగిన లైటు కాజీపేట దాటాక ఆరిపోవచ్చు. పెట్టగానే పోయే ఫ్యూజు షార్ట్‌ను, అంటే కరెంటు తీగ బండి బాడీకో వేరే తీగకో నేరుగా తాకడాన్ని సూచిస్తుంది. కాసేపు నడిచి పోయే ఫ్యూజు ఓవర్‌లోడ్‌ను, అంటే పరికరం హద్దు మించి కరెంటు లాగడాన్ని సూచిస్తుంది. ఈ తేడా గుర్తుంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

అదనపు వెలుగు కోసం వేసే బల్బుల లెక్క చూస్తే ఓవర్‌లోడ్ సంగతి స్పష్టమవుతుంది. మామూలు హెడ్‌లైట్ బల్బు 60/55 వాట్లది. హై బీమ్‌లో 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. దాని చోట 100/90 వాట్ల బల్బు పెడితే అది సుమారు 8.3 ఆంపియర్లకు చేరుతుంది. ఒక్కో వైపుకు 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న బండిలో ఇది హద్దులోపే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఎడతెగకుండా నడిచే లోడు ఫ్యూజు అంకెలో మూడొంతులు, అంటే 75 శాతం దాటకూడదన్నది పనివాళ్లు పాటించే లెక్క. ఈ బల్బు 83 శాతంలో ఉంటుంది. తీగలో, స్విచ్‌లో, హోల్డర్‌లో వేడి ముందున్నదానికి దాదాపు 2.8 రెట్లవుతుంది. ఫ్యూజు నెలల తరబడి నిలిచినా బల్బు హోల్డర్ గోధుమ రంగుకు తిరిగి పెళుసెక్కుతుంది.

బాక్సులు ఎక్కడ, మూత ఏం చెబుతుంది

కారులో సాధారణంగా రెండు బాక్సులుంటాయి. బానెట్ కింద బ్యాటరీ పక్కనుండే నల్ల డబ్బాలో పెద్ద ఫ్యూజులు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లు) ఉంటాయి. హెడ్‌లైట్లు, హారన్, రేడియేటర్ ఫ్యాను, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) వంటివాటికి కరెంటు ఎక్కువగా దాన్నుంచే అందుతుంది. రెండోది లోపల, డ్రైవరు మోకాలి దగ్గర స్టీరింగ్ కిందనో, కొన్ని బండ్లలో గ్లవ్ బాక్సు వెనుకనో ఉంటుంది. లోపలి లైటు, మ్యూజిక్ సిస్టమ్, చార్జింగ్ సాకెట్, పవర్ విండోలు దానివి. కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీదే బోల్టుతో బిగించిన మూడో గుంపు కూడా ఉంటుంది. హారన్ పోయిందని లోపలి బాక్సంతా వెతికి, బానెట్ ఎత్తకుండానే ఫ్యూజులన్నీ బాగున్నాయనుకోవడం మామూలే.

పటం మూత లోపలి వైపు ముద్రించి ఉంటుంది, లేదా ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మను నమ్మేముందు తయారీ సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఏ వేరియంటు అన్నవి సరిపోల్చాలి. ఒకే పేరుతో వచ్చే కారులో కూడా ఇవి మారితే ఫ్యూజుల వరుస మారిపోతుంది.

మూత మీది పొట్టి అక్షరాల్లో కొన్ని దారి తప్పిస్తాయి. ఎల్‌హెచ్, ఆర్‌హెచ్ అంటే డ్రైవరు సీట్లో కూర్చున్నప్పటి ఎడమ, కుడి. బానెట్ ముందు నిలబడి చూసేవారికి ఇవి తారుమారు. ‘స్టాప్’ అంటే బ్రేకు లైటు, ‘టెయిల్’ అంటే వెనుక ఎర్ర లైటుతో పాటు నంబర్ ప్లేటు లైటు, చాలాసార్లు మీటరు వెలుగు కూడా. ‘బ్యాకప్’ అంటే రివర్స్ లైటు, బ్యాటరీకి సంబంధించింది కాదు. ‘సిగార్’ అని ఉన్నది ఇప్పుడు చార్జర్ పెట్టే సాకెట్. ‘డోమ్’ అంటే లోపలి పైకప్పు లైటు. ‘ఐజీ’ అని మొదలయ్యేవాటికి తాళం తిప్పితేనే సప్లై వస్తుంది. ‘బ్యాట్’ అని ఉన్నవాటికి ఎప్పుడూ ఉంటుంది. ఈ చివరి తేడా తెలియక, తాళం ఆఫ్‌లో ఉండగా టెస్ట్ ల్యాంపు పెట్టి, వెలగలేదని మంచి ఫ్యూజును పడేసేవారు కూడా ఉన్నారు.

పటం లేని పాత బండిలో కలిసి ఆగిపోయినవే ఆధారం. ఒక వైపు హెడ్‌లైటు మాత్రమే పోతే బల్బు గానీ ఆ వైపు ఫ్యూజు గానీ. రెండూ ఒకేసారి పోతే రిలే, స్విచ్ లేదా ఉమ్మడి ఫ్యూజు. ఇండికేటర్లు, వైపర్లు, రివర్స్ లైటు కలిసి ఆగితే మూడింటికీ కరెంటు ఒకే ఫ్యూజు నుంచి అందుతుండవచ్చు. వాటిలో ఏదో ఒకటి మాత్రమే నేరస్థురాలు. వైపరు మోటారు బిగుసుకున్నందుకు ఇండికేటర్ కూడా మూగబోతుంది.

మోటారు సైకిల్ లెక్క తేలిక. చాలావాటిలో బ్యాటరీ పక్కన, సీటు కిందనో పక్క ప్యానెల్ వెనుకనో ఒక మెయిన్ ఫ్యూజు, దాని పక్కనే స్పేర్ ఒకటి ఉంటాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఎక్కువ బండ్లు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. మెయిన్ ఫ్యూజు పోతే పెట్రోలు పంపు తిరగదు, కిక్ కొట్టినా లాభం లేదు. బ్యాటరీ లేకున్నా కిక్‌తో స్టార్టయిన పాత కార్బురేటర్ బండ్ల అలవాటుతో ప్లగ్గు విప్పి శుభ్రం చేస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది.

రంగు చెప్పేది, రంగు దాచేది

బ్లేడ్ ఫ్యూజుల రంగులు కంపెనీని బట్టి మారవు. 5 లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 రంగులేనిది, 30 ఆకుపచ్చ, 40 నారింజ. అంకె తల మీదే ఉంటుంది. సైజు మాత్రం వేరు. మామూలు రకం వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు, మినీ రకం సుమారు 11. మినీలోనే పొట్టి కాళ్లది ఇంకోటి ఉంది. దాని చోట మామూలు మినీ పెడితే పైకి లేచి నిలబడుతుంది, బాక్సు మూత పడదు.

పెద్ద ఫ్యూజుల దగ్గర ఈ రంగులే మోసం చేస్తాయి. మ్యాక్సీ అనే వెడల్పాటి బ్లేడ్‌లో ఎరుపు 10 కాదు, 50. నీలం 60. నలుచదరపు డబ్బాలా ఉండి పైన గాజులాంటి మూతతో కనిపించే రకంలో గులాబీ 30, ఆకుపచ్చ 40, ఎరుపు 50, పసుపు 60. రేడియేటర్ ఫ్యాను, ఏబీఎస్ పంపు వంటివాటికి ఇవే ఉంటాయి. దుకాణంలో “ఆకుపచ్చది ఇవ్వండి” అని అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. పాత ఫ్యూజు పట్టుకెళ్లి, సైజూ అంకే రెండూ చూపి తెచ్చుకోవాలి.

లారీలు, టిప్పర్లు 24 వోల్టులవి. సాధారణ బ్లేడ్ ఫ్యూజు 32 వోల్టుల వరకు తయారైనది కాబట్టి అదే వాటికీ సరిపోతుంది. రిలేలు, బల్బులు మాత్రం మార్చి వాడకూడదు.

నాసి రకాల గురించి ఒక మాట. ఊరూ పేరూ లేని డబ్బాల్లో గుత్తగా వచ్చే ఫ్యూజుల్లో పట్టీ మందం అంకెకు తగ్గట్టు ఉండదు. 15 అని రాసున్నది 30 దగ్గర కూడా తెగకపోవచ్చు. ఫ్యూజు మీద తయారీదారు గుర్తు, చెక్కినట్టు స్పష్టంగా అంకె లేకపోతే నాలుగు రూపాయలు ఎక్కువైనా వేరేది తీసుకోవడమే నయం.

తీయకుండానే పరీక్ష

ప్రతి ఫ్యూజు తల మీద రెండు చిన్న రంధ్రాల్లో లోహపు చుక్కలు కనిపిస్తాయి. అవి పరీక్ష కోసమే. టెస్ట్ ల్యాంపు క్లిప్పును బండి బాడీకి పెయింటు లేని బోల్టుకు తగిలించాలి. తాళం ఆన్‌లో ఉంచి, అనుమానమున్న పరికరం స్విచ్ కూడా వేసి, మొనను రెండు చుక్కలకూ వరుసగా తాకించాలి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగున్నట్టు. ఒకదాని దగ్గరే వెలిగితే ఫ్యూజు తెగినట్టు. రెండు చోట్లా వెలగకపోతే కరెంటు ఫ్యూజు దాకా రావడం లేదని అర్థం. అప్పుడు దాని వెనుకనున్న రిలేనో పెద్ద ఫ్యూజునో చూడాలి. ఇంత సులువైన పద్ధతి ఉండగా ఒక్కో ఫ్యూజు ఊడబీకి ఎండకు పట్టి చూడటం దండగ. ఊడదీసినప్పుడల్లా లోపలి పట్టు సడలుతుంది, పైగా ఏది ఎక్కడిదో కలిసిపోతుంది. ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజులకు మామూలు బల్బున్న టెస్ట్ ల్యాంపు వద్దు, మల్టీమీటరే వాడాలి.

తీయాల్సి వస్తే తాళం ఆఫ్ చేసి, ముందు ఫోన్‌తో బాక్సు ఫొటో తీసుకోవాలి. బాక్సులోనే చిన్న ప్లాస్టిక్ పట్టుకారు ఇరికించి ఉంటుంది. దానితో నిట్టనిలువుగా లాగాలి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే పక్క ఫ్యూజుకు తగిలి షార్ట్ అయ్యే వీలుంది.

తీసిన ఫ్యూజును చూస్తే కారణం కొంత కనిపిస్తుంది. లోపలి పట్టీ కనిపించే ప్లాస్టిక్ కిటికీ నల్లబడి, లోహం తుంపరలు అంటుకుని ఉంటే పెద్ద షార్ట్ జరిగినట్టు. నలుపు లేకుండా మధ్యలో కరిగి జారిన ఖాళీ ఉంటే ఓవర్‌లోడ్. మసీ లేదు, కరగనూ లేదు, వెంట్రుకంత పగులు మాత్రమే ఉంటే కుదుపులకు, ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడానికి పట్టీ అలిసిపోయిందని అర్థం. ఈ మూడో సందర్భంలో కొత్తది పెడితే సమస్య తీరుతుంది. మొదటి రెండింటిలో తీరదు.

కొత్తదీ పోతే

అదే అంకె ఫ్యూజు ఒకసారి మార్చాక అదీ పోతే మూడోది పెట్టకూడదు. ఫ్యూజు చోట బల్బు పెట్టి వెతికే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు బిగించి, ఖాళీ ఫ్యూజు గూట్లో రెండు వైపులా తగిలించాలి. లోపల పూర్తి షార్ట్ ఉన్నా ఈ బల్బు 1.75 ఆంపియర్లకు మించి పోనివ్వదు, తీగ వేడెక్కదు. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది.

ఇక ఆ ఫ్యూజు మీదున్న పరికరాల సాకెట్లు ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోవాలి. ఏది ఊడినప్పుడు బల్బు ఆరిందో లేదా బాగా మసకబారిందో, లోపం ఆ పరికరంలో ఉన్నట్టు. అన్నీ ఊడదీసినా వెలుగుతూనే ఉంటే లోపం తీగలో ఉంది. అప్పుడు తలుపు సందు, డిక్కీ కీలు, ఇంజిన్ పక్క క్లాంపు వంటి వంగే, రాసుకునే చోట్ల తీగ కట్టను చేత్తో కదుపుతూ బల్బును గమనించాలి. మిణుకుమన్న చోట టేపు విప్పితే పూత చెదిరిన తీగ కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: బల్బులు, మోటార్ల వంటి లోడు స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉంచకపోతే వాటి మామూలు కరెంటుకే పరీక్ష బల్బు వెలిగి తప్పుదారి పట్టిస్తుంది.

చార్జింగ్ సాకెట్ ఫ్యూజు విషయంలో ఇంత వెతుకులాట అక్కర్లేదు. సాకెట్ అడుగున చిల్లర నాణెం పడిందేమో, చవక చార్జర్ మొన విరిగి ఇరుక్కుందేమో చూడాలి. అవి లేకపోతే టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ అనుమానితుడు. 120 వాట్లు అని రాసున్న సాకెట్ 10 ఆంపియర్లకు తయారైనది. కంప్రెసర్లలో పెద్దవి అంతకు మించి లాగుతాయి. అలాంటివాటిని క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలించి వాడాలి.

ఫ్యూజు బాగుంది, గూడు కాలింది

ఫ్యూజు తెగలేదు, కానీ దాని ప్లాస్టిక్ కరిగి బాక్సుకు అతుక్కుపోయింది. ఇలాంటి సందర్భంలో తప్పు కరెంటుది కాదు, పట్టుది. సడలిన గూట్లో అడ్డంకి 0.1 ఓమ్ ఉన్నా 10 ఆంపియర్లు పారినప్పుడు అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట 10 వాట్లంటే ప్లాస్టిక్ కరగడానికి చాలు. పారే కరెంటు హద్దులోపే ఉంది కాబట్టి ఫ్యూజుకు తెగాల్సిన పని లేదు. ఇక్కడ కొత్త ఫ్యూజు పెట్టినా మళ్లీ అదే జరుగుతుంది. లోపలి టెర్మినల్ మార్చాలి.

గూడు ఇలా చెడిపోవడానికి ఈ ప్రాంతంలో పెద్ద కారణం నీరు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచాయి. అలా మునిగిన బండిలో నీళ్లు దిగిపోయాక కూడా ఫ్యూజు గూళ్లలో సన్నని ఒండ్రు, తడి మిగులుతాయి. గూటి లోపలి రాగి, ఇత్తడి టెర్మినళ్ల మీద ఆకుపచ్చ పొర కడుతుంది. ఆ పొరే అడ్డంకి. బండి వెంటనే స్టార్టయినా వారాల తర్వాత ఒక్కో పరికరం మొరాయించడం మొదలవుతుంది. నీళ్లు లోపలి బాక్సు ఎత్తుకు చేరితే తాళం తిప్పకుండా ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. తర్వాత బాక్సు విప్పి కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పచ్చబడ్డ ఫ్యూజులన్నీ మార్చాలి.

ఎలుకలు, ట్రాలీలు, జంపర్లు

వరి కోతలప్పుడు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి, మక్కలు తోలే రోజుల్లో ధాన్యం దగ్గర నిలిపిన బండ్లలోకి ఎలుకలు దూరుతాయి. రెండు మూడు రోజులు కదలని బండి బానెట్ కింద గడ్డి పీచు, రెట్టలు కనిపిస్తే ఫ్యూజు మార్చేముందు తీగ కట్టను చూడాలి. కొరికిన తీగలు రెండు ఒకదానికొకటి తాకినప్పుడే ఫ్యూజు పోతుంది. తాకనంత వరకు అంతా బాగున్నట్టే ఉంటుంది.

ట్రాక్టరు ట్రాలీ తీగ అంతకంటే కష్టాల్లో ఉంటుంది. హుక్కు దగ్గర ప్రతి మలుపులో వంగుతుంది, ఇనుప చట్రానికి రాసుకుంటుంది. పూత అరిగి తీగ ఇనుముకు తాకగానే ట్రాక్టరు వెనుక లైట్ల ఫ్యూజు పోతుంది. ట్రాలీ విప్పి కొత్త ఫ్యూజు పెడితే నిలుస్తుంది, తగిలిస్తే పోతుంది. కారణం అంత తేటగా కనిపిస్తున్నా పెద్ద ఫ్యూజు వేసి సరిపెట్టడం ఎక్కువ. వెనుక లైట్లు లేని ట్రాలీ రాత్రిపూట రోడ్డు మీద ఎంత ప్రమాదమో కొత్తగా చెప్పనక్కర్లేదు. తీగకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కాస్త వదులు ఉంచి కడితే ఈ బాధ ఉండదు.

చార్జింగ్ దిగిన బ్యాటరీకి జంపర్ తీగలు (వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చేవి) పాజిటివ్, నెగెటివ్ తారుమారుగా తగిలించినప్పుడు ముందుగా బలయ్యేది మెయిన్ ఫ్యూజు, అంటే బ్యాటరీ దగ్గర 80, 100 ఆంపియర్ల వంటి పెద్ద అంకెలతో బోల్టు బిగించినది. బండి మొత్తం చచ్చినట్టు ఉంటుంది. నెగెటివ్ టెర్మినల్ తీయకుండా దాన్ని విప్పకూడదు, పానా బాడీకి తాకితే నిప్పురవ్వలు లేస్తాయి. 24 వోల్టుల లారీ నుంచి 12 వోల్టుల కారుకు జంపర్ వేస్తే ఫ్యూజుతో పోతుందన్న నమ్మకం కూడా లేదు, ఎలక్ట్రానిక్ యూనిట్లు పోతాయి.

ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు పోతే ఇంటి దగ్గర ప్రయోగాలు వద్దు. ఎలక్ట్రిక్ బండిలో నారింజ రంగు తొడుగున్న తీగలు, వాటి ఫ్యూజులు వందల వోల్టులవి. 12 వోల్టుల చిన్న బాక్సు వరకే యజమాని చెయ్యి పోవాలి.

అదనంగా లైట్లు, హారన్లు, ఆంప్లిఫయర్ బిగించేటప్పుడు ఉన్న తీగను గిచ్చి కలపడం కంటే బ్యాటరీ నుంచి విడిగా తీగ లాగి రిలే పెట్టడం మేలు. ఆ తీగకు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజును లైటు దగ్గర పెడితే బ్యాటరీకీ దానికీ మధ్యనున్న తీగకు రక్షణే ఉండదు. డ్యాష్‌బోర్డులో తమ బండి సైజువే 10, 15, 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి, 21 వాట్ల బల్బు ఒకటి ఉంచుకుంటే ఏటూరునాగారం అడవి దారిలో రాత్రిపూట ఆగినా మెకానిక్ కోసం తెల్లారేదాకా చూడాల్సిన అవసరం చాలాసార్లు రాదు.